తలపైన మూడున్నర అంగుళాలు: ట్యూషన్ గది సీలింగ్ డైరీ

ఫిబ్రవరి 2, ఆదివారం

పోయిన గురువారం సాయంత్రం ట్యూషన్ జరుగుతుండగా స్లాబు నుంచి అరచెయ్యంత పెచ్చు ఊడి ఎనిమిదో తరగతి పిల్ల లెక్కల నోటుబుక్కు మీద పడింది. తల మీద పడలేదు, అదే పదివేలు. ఆ పిల్ల బెదరలేదు. "మిస్, లెక్క మొత్తం దుమ్మయిపోయింది, మళ్లీ చెయ్యాలా?" అని అడిగిందట. మా ఆవిడ మాత్రం ఆ రాత్రే తేల్చి చెప్పింది: "ఏమండీ, పదో తరగతి పరీక్షల లోపల ఆ పైకప్పు సంగతి చూడండి. లేకపోతే పిల్లలందర్నీ హాల్లో కూర్చోబెడతాను. మీ టీవీ బంద్."

ఇల్లు తిరుపతి కొర్లగుంటలో. నాయన 1988లో కట్టించాడు. అప్పుడు ఈ గది ఎత్తు తొమ్మిదిన్నర అడుగులు. ఇప్పుడు అంత లేదు. స్లాబు కిందికి దిగలేదు, నేలే పైకొచ్చింది. వీధిలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా దాని మీదే వేసుకుంటూ పోయారు. చివరికి మా గడప రోడ్డు కంటే కిందికి పోయింది. 2021 నవంబరు వానలకు నీళ్లు నేరుగా మంచం కిందికి వచ్చాయి. ఊళ్లో పేటల పేర్లు చూడండి, కొర్లగుంట, తాతయ్యగుంట, గొల్లవానిగుంట. పేరులోనే గుంట పెట్టుకుని నీళ్లొచ్చాయని ఏడిస్తే ఎట్లా? ఆ తర్వాత గ్రావెల్ పోయించి, కాంక్రీటు వేయించి, టైల్స్ పరిపించాం. మొత్తం 11 అంగుళాలు. నీళ్లు రావడం ఆగింది, గది పొట్టిదయింది.

ఈరోజు టేపు పెట్టి కొలిచాను. గది 14 అడుగులకు 10 అడుగుల 4 అంగుళాలు. ఎత్తు వీధి తలుపు దగ్గర 8 అడుగుల 7 అంగుళాలు, లోపలి మూలలో 8 అడుగుల 5¾, సరిగ్గా మధ్యలో 8 అడుగుల 5½. స్లాబు ఒక పక్కకి ఒరిగిందేమో అనుకున్నాను. (ఇది తప్పని తర్వాత తెలిసింది, కింద చెప్తాను.)

లోపలి గోడ వెంట మేడ మీది వాషింగ్ మెషిన్ నీళ్ల పైపు పోతుంది, 75 మి.మీ. పీవీసీది. నీళ్లు పారాలి కాబట్టి వాలుగా పెట్టారు. ఒక చివర స్లాబు నుంచి మూడున్నర అంగుళాలు, బయటికి పోయే చివర దాదాపు ఆరు అంగుళాలు కిందికి దిగి ఉంది.

స్లాబు కింద ఫాల్స్ సీలింగ్ వేయిద్దామని ఒక కాంట్రాక్టరుని పిలిపించాం. గడపలో నిలబడే పైకి చూసి, "ఎనిమిది అంగుళాలు దించాల సార్, పైపు ఉంది గదా" అన్నాడు. లెక్క వేశాను. మధ్యలో 7 అడుగుల 9½ అంగుళాలు మిగులుతుంది. అంటే 2.4 మీటర్ల కంటే తక్కువ. జాతీయ భవన నిర్మాణ నియమావళి మనుషులు ఉండే గదికి 2.75 మీటర్లు అడుగుతుంది. ఏసీ గదిలో ఫాల్స్ సీలింగ్ కిందికైనా 2.4 ఉండాలంటుంది. మాకు ఏసీ లేదు, నేల లేపినప్పుడే మొదటి లెక్క తప్పిపోయాం. రెండోదైనా తప్పకూడదని నా పట్టుదల. పైగా నేను 5 అడుగుల 9 అంగుళాలు, మునివేళ్ల మీద లేస్తే సీలింగు చేతికి తగులుతుంది. అది గదిలా ఉండదు, రైలు పెట్టెలా ఉంటుంది.

నాయన ఒక్క మాటే అన్నాడు. "రే అబ్బోడా, నేల పైకి లేపితివి, ఇప్పుడు ఆకాశం కిందికి దించుతుండావు. మధ్యలో మనిషి యాడుండేది?"

ఫిబ్రవరి 5, బుధవారం

అసలు ఏ రకం సీలింగు అన్నదాని మీద మూడు రోజులు చర్చ.

ఎత్తు తక్కువ ఉన్నప్పుడు అందరూ చెప్పేది పీవీసీ ప్యానెళ్లు. స్లాబుకే సన్న చానెళ్లు బిగించి నేరుగా కొట్టేయొచ్చు, రెండంగుళాల లోపల పనైపోతుంది. జిప్సం బోర్డు కూడా అట్లాగే దగ్గరగా బిగించొచ్చు. రెండిటికీ ఒకటే ఇబ్బంది. ఒకసారి మూస్తే మూసినట్టే. ఆ స్లాబు మీద నాకు నమ్మకం లేదు. ఏడాదికోసారైనా తెరిచి టార్చి వేసి చూడాలి. జిప్సం బోర్డుకి ఒక మూల తేమ తగిలితే మరక పాకుతుంది, మొత్తం మళ్లీ రంగు వెయ్యాలి. పలకల గ్రిడ్డు (రేకు పట్టీలతో గళ్లు కట్టి, గడికొక పలక పెట్టేది) అయితే ఆ ఒక్క పలక తీసి మార్చుకుంటే చాలు.

థర్మోకోల్ పలకలు చవక అని ఒకాయన చెప్పాడు. పిల్లలు కూర్చునే గదిలో నిప్పంటుకునే సరుకు తల మీద పెట్టను.

కాబట్టి గ్రిడ్డే. పీవీసీ పొర ఉన్న 8 మి.మీ. జిప్సం పలకలు. మరి పైపు? రాత్రి పడుకుని స్లాబునే చూస్తుంటే తట్టింది. పైపు ఉన్నది ఒక్క గోడ వెంటే. దాని కోసం 14 అడుగుల గది మొత్తం ఎందుకు దించాలి? ఆ గోడ వెంట అడుగు వెడల్పు పెట్టె కట్టి పైపుని అందులో దాచేస్తే మిగతా 13 అడుగులు పైకి పోతాయి. కాంట్రాక్టరుకి ఫోన్ చేసి చెప్పాను. "అట్లాంటి చిల్లర పనికి మా వాళ్లు రారు సార్" అన్నాడు. సరే, నేనూ మా బామ్మర్దీ వస్తాం.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఈరోజు సీలింగు పని కాదు, స్లాబు వైద్యం.

మేస్త్రి సుత్తి తీసుకుని అడుగడుక్కీ తట్టుకుంటూ పోయాడు. గట్టిగా ఉన్నచోట టక్ టక్, పొల్లుగా ఉన్నచోట డొబ్ డొబ్. కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. మూడు చోట్ల డొబ్బు. కొట్టి రాల్చేస్తే లోపల కమ్మీలు ఎర్రగా తుప్పు పట్టి ఉబ్బి ఉన్నాయి. ఇనుము తుప్పు పడితే లావవుతుంది, లావై కింది కాంక్రీటుని తోసేస్తుంది. పెచ్చు ఊడేది అందుకే. తీగల బ్రష్షుతో రుద్ది, తుప్పు ఆపే మందు పూసి, పాలిమర్ కలిపిన మాలుతో మూశారు.

దీన్ని ఇట్లాగే వదిలేసి కింద సీలింగు కట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. అప్పుడు పెచ్చు నోటుబుక్కు మీద పడదు, పలక మీద పడుతుంది. పలక పోయి నోటుబుక్కు మీద పడుతుంది.

పైపు జాయింట్లలో ఒకటి చెమరుస్తోంది. కొత్తది వేయించి, పైన మెషిన్ రెండుసార్లు తిప్పి, కింద జాయింటుకి టిష్యూ కాగితం చుట్టి చూశాం. కాగితం తడవలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

మొదటి రోజే పరువు పోయింది. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున్నే మట్టం చూశాం. లేజర్ లేదు, మేస్త్రి వదిలిపోయిన సన్న గొట్టం ఉంది. నీళ్లు నింపి, బుడగలన్నీ పోయేదాకా ఆగి, ఒక చివర నేను, ఒక చివర బామ్మర్ది. గొట్టం చివర వేలు అడ్డం పెడితే మట్టం తప్పు చూపిస్తుందని వాడికి మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి నేనే పెట్టాను. "బావా, వేలు" అన్నాడు మర్యాదగా.

తలుపు దగ్గర నేల నుంచి 4 అడుగుల ఎత్తులో గుర్తు పెట్టి, అదే మట్టాన్ని నాలుగు గోడలకీ తిప్పి, రంగు దారం కొట్టాం. లోపలి గోడ దగ్గరికి పోయేసరికి ఆ గీత నేల నుంచి 47¼ అంగుళాలే ఉంది. ఒరిగింది స్లాబు కాదు, నేల. కడిగిన నీళ్లు వీధిలోకి పోవాలని టైల్స్ మేస్త్రి ముప్పావు అంగుళం వాలు పెట్టాడు. నేల నుంచి కొలుచుకుంటూ సీలింగు కట్టి ఉంటే అది కూడా వీధిలోకి వాలి ఉండేది. ఇక నుంచి నేలని నమ్మేది లేదు, అన్ని కొలతలూ ఈ గీత నుంచే.

గీత నుంచి స్లాబుకి మూలల్లో 55, 54¾, 55¼, 54½ అంగుళాలు. మధ్యలో 54. స్లాబు మధ్యలో కాస్త కుంగి ఉంది. మన కొలత అన్నిటికంటే కిందికి ఉన్న ఆ 54 నుంచి మొదలు.

నా లెక్క ఇది. మెయిన్ టీ, అంటే పలకల్ని మోసే పొడవాటి T ఆకారపు పట్టీ, ఎత్తు ఒకటిన్నర అంగుళం. పైన అర అంగుళం సందు. మొత్తం రెండే అంగుళాలు. 52 దగ్గర వాల్ యాంగిల్ (గోడ చుట్టూ కొట్టే ఎల్ ఆకారపు పట్టీ) బిగించేశాం, అడుగున్నరకి ఒక స్క్రూ. మధ్యాహ్నానికి రెండు మెయిన్ టీలు పైకెక్కాయి. నాలుగు క్రాస్ టీలు (అడ్డపట్టీలు) తగిలించి ఒక గడి చేశాం. చూడముచ్చటగా ఉంది. అమ్మ వచ్చి "భలే ఉండాదే" అని పోయింది.

అప్పుడు మొదటి పలక ఎత్తాను.

పోలేదు. ఐమూలగా తిప్పాను, పోలేదు. ఒక మూల దూర్చి రెండోది పైకి తోస్తే ఆ మూల స్లాబుకి కొట్టుకుంది. బామ్మర్ది స్టూలు ఎక్కి రెండో పక్క పట్టాడు. పది నిమిషాలు ఇద్దరం చేతులు పైకెత్తి గోవిందా గోవిందా అన్నట్టు నిలబడ్డాం. పలక మూల విరిగింది, గడి గడిలాగే ఉంది.

ఆలోచిస్తే చిన్న సంగతే. పలక 595 మి.మీ. గడిలో టీల అంచులు పోను కింద కనపడే సందు 576. పలక కంటే చిన్న కంత. పలకని వాల్చి, ఐమూలగా పైకి పంపి, పైన తిప్పి, అప్పుడు అంచుల మీద కూర్చోబెట్టాలి. ఆ తిప్పడానికి పైన చోటుండాలి. టీకి ఎంత, పలకకి ఎంత అని లెక్క వేశాను గానీ, పలక తిరగడానికి ఎంత అని వెయ్యలేదు. కాంట్రాక్టరు ఎనిమిది అన్నప్పుడు నవ్వుకున్నాను, నేను రెండు అని ఇంకా పెద్ద తప్పు చేశాను.

అదే రోజు, రాత్రి 10

భోజనాల బల్ల కింద వెల్లకిలా పడుకుని ఇది రాస్తున్నాను.

నాలుగు టీ ముక్కలతో ఒక గడి చేసి, దాన్ని ఇటుకల మీద పెట్టి, ఆ ఇటుకల్ని బల్ల కిందికి జరిపాం. బల్ల అడుగు భాగమే స్లాబు అనుకోవాలి. ఇటుకల మీద పుస్తకాలు పేర్చుకుంటూ సందు పెంచుతూ తగ్గిస్తూ చూశాం. నేను కింద నుంచి పలక ఎక్కించాలి, మా ఆవిడ స్కేలు పెట్టి సందు చెప్పాలి.

రెండంగుళాలు: ఆశ వదులుకోవచ్చు. రెండున్నర: అంతే. మూడు: పోయింది గానీ బల్లకి రాసుకుంటూ పోయింది, మూల నలిగింది. మూడున్నర: మొదట వాల్చి, ఎడమ మూల ముందు పంపి, సగం తిప్పాక కుడి చెయ్యి వదిలేస్తే మెత్తగా వచ్చి కూర్చుంది. నాలుగు: కళ్లు మూసుకుని పెట్టొచ్చు.

మూడున్నర దగ్గర ఆరుసార్లు తీసి పెట్టాను. ఆరుసార్లూ వచ్చింది. "నాలుగు పెట్టుకోకూడదా హాయిగా?" అంది మా ఆవిడ. ఆ అర అంగుళం కోసమే కదా ఈ గోలంతా.

ఇంకో దారి కూడా ఉంది. పలకని ముందు టీల మధ్య జరిపి, దాని వెనక క్రాస్ టీ తగిలిస్తే పైన అర అంగుళం ఉన్నా చాలు. కానీ తర్వాత మధ్యలో ఒక పలక తియ్యాలంటే ఆ వరస క్రాస్ టీలు ఊడదియ్యాలి. తెరిచి చూసుకోవాలనే కదా గ్రిడ్డు ఎంచుకున్నది.

ఫిబ్రవరి 19, బుధవారం

ఈరోజు సుత్తి ముట్టలేదు, పెన్సిలు పని.

అంగట్లో టూ బై టూ అంటారు, కానీ గడి 600 మి.మీ., రెండడుగులు అంటే 610. గది 14 అడుగులు కదా, ఏడు పలకలు సరిగ్గా సరిపోతాయి అనుకుంటే చివర 67 మి.మీ. వెక్కిరిస్తుంది. అందుకే మొత్తం మి.మీ.లోకి మార్చుకున్నాను.

పొడవు 4267. పైపు పెట్టెకి 300 తీసేస్తే 3967. ఐదు నిండు పలకలు, రెండు చివర్లా 483 ముక్కలు. బాగుంది.

అడ్డం 3150. ఐదు నిండు పలకలు పెడితే అటూ ఇటూ 75 మి.మీ. పీలికలు మిగులుతాయి, అసహ్యం. నాలుగు పెడితే రెండు పక్కలా 375. లక్షణంగా ఉంది. కానీ అప్పుడు గది నట్టనడుమ ఒక టీ గీత వస్తుంది, ఫ్యాను రాడ్డు సరిగ్గా దాని నెత్తిన దిగుతుంది. టీని కొయ్యలేం, కొక్కేన్ని జరపలేం.

మొత్తం గ్రిడ్డుని 150 మి.మీ. ఒక పక్కకి జరిపాను. ఒక అంచు 225, రెండోది 525. రాడ్డు ఇప్పుడు పలకలో దిగుతుంది, దగ్గరి టీకి 150 మి.మీ. దూరంలో. సన్న అంచు బీరువా ఉన్న గోడ వైపు వచ్చింది. నేను చెప్పకపోతే ఎవరూ కనిపెట్టరు. ఇప్పుడు చెప్పేశాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

వాల్ యాంగిల్ ఊడదీసి ఒకటిన్నర అంగుళం కిందికి, గీత నుంచి 50½ దగ్గర, మళ్లీ బిగించాం. పాత స్క్రూల చిల్లులన్నీ సీలింగు పైకి పోయి దాక్కున్నాయి. వెంటిలేటర్ పై అంచు రెండంగుళాల తేడాతో బతికిపోయింది.

ఇప్పుడు అసలు చిక్కు. మామూలుగా మెయిన్ టీని స్లాబు నుంచి తీగతోనో, సన్న రాడ్డుతోనో వేలాడదీస్తారు. క్లిప్పు జరుపుతూ మట్టం సరిచేస్తారు. మాకు టీ పైనుంచి స్లాబుకి మధ్యలో రెండే అంగుళాలు. తీగ మెలెయ్యడానికి వేళ్లే పట్టవు. మెలేసినా ఒకటి బిగుతు, ఒకటి వదులు.

అందుకని జీఐ (జింకు పూత ఉన్న ఇనుము) పట్టీని ముక్కలు చేసి ఎల్ ఆకారంలో వంచాం. ఒక రెక్క స్లాబుకి, ఒక రెక్క టీ నిలువు రేకుకి. టీ వైపు గుండ్రటి చిల్లు కాకుండా నిలువుగా సాగిన చిల్లు చేశాం. స్క్రూ వదులుగా పెట్టి, దారం ప్రకారం టీని పైకీ కిందికీ జరిపి, సరిపోయాక బిగించడం. స్లాబు ఎగుడుదిగుడు కాబట్టి పట్టీల పొడవు ఒక్కోచోట ఒక్కోటి. మధ్యలో రెండంగుళాలదైతే మూలలో మూడుంబావు. పది పట్టీలు, ఒక్కో మెయిన్ టీకి ఐదు. పలకలన్నీ కలిపి దాదాపు 80 కిలోలు తూగుతాయి. ప్లాస్టిక్ గట్టాలు వద్దని 6 మి.మీ. ఇనప యాంకర్లే వేశాను.

పైకి డ్రిల్లు పట్టడమంటే దుమ్ము మొత్తం నోట్లోకే. బామ్మర్ది టీ తాగిన పేపర్ కప్పుకి చిల్లు చేసి బిట్టుకి తొడిగాడు. సగం దుమ్ము కప్పులో పడింది. మిగతా సగానికి కళ్లద్దాలు, మాస్కు. రెండు చోట్ల బిట్టు కమ్మీకి తగిలి కీచుమంది. అక్కడ మొండికెయ్యకుండా అంగుళం పక్కకి జరిగాం.

మెయిన్ టీ 12 అడుగులది, మాకు 13 కావాలి. రెండింటికీ ముక్క అతికాం. అతుకులు రెండూ ఒకే వరసలో రాకుండా ఒకటి వీధి వైపు, ఒకటి లోపలి వైపు పెట్టాం.

మెడ పట్టేసింది. రాత్రి అమ్మ జండూబామ్ రాసింది.

ఫిబ్రవరి 26, శివరాత్రి

పొద్దున కపిలతీర్థం. క్యూ రోడ్డు మీదికి వచ్చేసింది. దర్శనం అయ్యి ఇంటికొచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

మధ్యాహ్నం క్రాస్ టీలు. ఇది ఆటలాంటి పని, నాలుక గాడిలో పడి టిక్ అంటుంది. పడిందో లేదో చెవికే తెలుస్తుంది. ప్రతి మూడు గడులకీ ఒకసారి ఐమూలలు కొలిచాం. రెండూ 848 దగ్గర ఉంటే గడి చతురస్రమే. ఒకచోట 4 మి.మీ. తేడా వచ్చింది. నాలుగు గడులు వెనక్కి పోయి చూస్తే ఒక నాలుక సగమే దిగి ఉంది.

రాత్రి జాగారం. ఇరుగుపొరుగుని లేపే డ్రిల్లు పని లేదు కాబట్టి పలకలు మొదలుపెట్టాం. గుడి మైకులో పాటలు లీలగా వినపడుతున్నాయి, మేం పలకలు ఎక్కిస్తున్నాం. చేతులకి గ్లవుజులు వేసుకోవాలని ఎవరూ చెప్పలేదు. తెల్లటి పలక మీద మా బామ్మర్ది ఐదు వేళ్లూ దిగాయి. తడిగుడ్డతో తుడిస్తే పోయాయి, పీవీసీ పొర పుణ్యం.

నిండు పలకలు ఇరవై. బల్ల కింద నేర్చుకున్న ఒడుపు పనికొచ్చింది: వాల్చు, ఎడమ మూల, సగం తిప్పు, వదులు. మొదటిదానికి నాలుగు నిమిషాలు, పదోదానికి అర నిమిషం. స్లాబు మధ్యలో కుంగినచోట మాత్రం ఊపిరి బిగబట్టి పెట్టాల్సి వచ్చింది.

అంచు ముక్కలు కొయ్యడం వేరే విద్య. ముందు వైపు పీవీసీ, వెనక వైపు అల్యూమినియం రేకు. ముందు కత్తితో గీసి విరిస్తే జిప్సం విరుగుతుంది గానీ వెనక రేకు సాగి చిరుగుతుంది. రెండు పక్కలా గీసి అప్పుడు విరవాలి. గది కూడా చదరంగా లేదు, ఒక చివర 10 అడుగుల 4 అయితే రెండో చివర ముప్పావు అంగుళం తక్కువ. అంచు ముక్కలన్నీ ఒకే కొలతకి కోసి పెట్టుకుందామన్న బామ్మర్ది తెలివి మూడో ముక్కకే తేలిపోయింది. ఒక్కోటీ రెండు చివర్లా కొలిచి కొయ్యాల్సిందే.

తెల్లారుజామున నాలుగింటికి కాఫీ. నాయన లేచి వచ్చి పైకి చూసి, "శివుడికి జాగారం చెయ్యమంటే సీలింగుకి చేసినారే" అన్నాడు. కానీ కుర్చీ లాక్కుని కూర్చుని ఆరింటిదాకా పలకలు అందించాడు.

మార్చి 2, ఆదివారం

ఫ్యాను, లైట్లు, పైపు పెట్టె.

ముందుగా ఎంసీబీ (కరెంటు ఆపే స్విచ్చి) దించాం. ఫ్యాను స్లాబు కొక్కేనికే వేలాడుతుంది, సీలింగుకి దానితో సంబంధం ఉండకూడదు. నిజానికి ఫాల్స్ సీలింగు వేస్తే ఫ్యాను కిందికి రాదు, అది ఉన్నచోటే ఉంటుంది, దాని పైన కప్పు దగ్గరికొస్తుంది అంతే. మా బాధ వేరే. నేల లేపినప్పటి నుంచి రెక్కలు 7 అడుగుల 2½ అంగుళాల్లో తిరుగుతున్నాయి. ఫ్యాను కింద నిలబడి చొక్కా విప్పకూడదని మూడేళ్లుగా ఇంట్లో రూలు. రాడ్డు బాగా కురచ చేస్తే రెక్కలు సీలింగుకి అతుక్కుపోయి గాలి లాగలేవు. మూడంగుళాలు మాత్రం తగ్గించాను. రెక్కలు 7 అడుగుల 5½కి పోయాయి, సీలింగుకీ వాటికీ మధ్య ఎనిమిదిన్నర అంగుళాలు. గాలి కొంచెం తగ్గింది, అబద్ధం చెప్పను. నేను చెయ్యెత్తితే వేళ్లు అంచు దాకా వస్తాయి, కాబట్టి రూలు రద్దు కాలేదు.

రాడ్డు దిగే పలకని రాడ్డు దగ్గర రెండు చెక్కలుగా కోసి, ఒక్కో చెక్కలో అర్ధచంద్రంలా చిల్లు చేసి, అతుకు కింద సన్న పట్టీ పెట్టాం. ఫ్యాను కప్పు ఆ చిల్లుని మూసేసింది.

లైట్లు రెండు ఎల్ఈడీ ప్యానెళ్లు, పలక స్థానంలోనే కూర్చునేవి. ఇక్కడ మళ్లీ పాత కథే. ప్యానెలు అంగుళంబావు మందం, వంగదు, తిప్పే చోటు చాలదు. ఈ రెండు గడుల దగ్గర మాత్రం ఒక పక్క క్రాస్ టీ తీసి, ప్యానెలు జరిపి, టీ వెనక్కి తగిలించాను. ఇంకో సంగతి, లైటు ఫ్యాను రెక్కల పైన వస్తే నీడ గిరగిరా తిరిగి పిల్లల కళ్లు మంటపుడతాయి. రెక్కలు తిరిగే వలయం దాటాకే లైట్లు పెట్టాం. వైర్లన్నీ పైపుల్లో వేసి స్లాబుకి క్లిప్పులు కొట్టాం. పలకల మీద ఒక్క అతుకు కూడా లేదు, జాయింట్లు డబ్బాల్లోనే.

పైపు పెట్టెకి 12 మి.మీ. పీవీసీ ఫోమ్ బోర్డు. చెదలు పట్టదు, తడిసినా ఉబ్బదు. జీఐ యాంగిళ్లతో ఫ్రేము కట్టి స్లాబుకీ గోడకీ బిగించాం. గ్రిడ్డు ఆ పక్క అంచు కూడా దాని మీదే ఆనుతుంది, అందుకే ఫ్రేము దగ్గర పిసినారితనం చెయ్యలేదు. పెట్టె అడుగు గీత నుంచి 48 అంగుళాలకి వచ్చింది. నేల నుంచి 7 అడుగుల 11¼, అంటే 2.4 మీటర్ల పైనే. మిగతా సీలింగు కంటే రెండున్నర అంగుళాలు కిందికి ఉంది, చూసేవాళ్లకి దూలంలా కనపడుతుంది. అడుగు బోర్డు రెండు ముక్కలు, ఒక్కోదానికి నాలుగు స్క్రూలు, కిందికి ఊడి వస్తుంది. పైకెత్తి తిప్పే బాధ అక్కడ లేదు.

మార్చి 9, ఆదివారం

గోడకీ యాంగిల్‌కీ మధ్య సందుల్లో సీలెంటు పూసి, గోడలకి ఒక చెయ్యి రంగు వేశాం. చివరి కొలత: లోపలి గోడ దగ్గర 8 అడుగుల 1¾, తలుపు దగ్గర 8 అడుగుల 2½. నాలుగు పలకలు విరిగాయి, ఐదు మిగిలాయి. మిగిలినవి బీరువా మీద పెట్టాం. అమ్మ వాటి వంక చూసి, నున్నగా ఉన్నాయి, వడియాలు పెట్టుకోవడానికి మిద్దె మీదికి ఇవ్వమంటోంది.

సోమవారం నుంచి ట్యూషన్ మళ్లీ ఈ గదిలోనే. సాయంత్రం మా ఆవిడ మేడ మీద మెషిన్ వేసింది. నేను పెట్టె బోర్డు ఒకటి ఊడదీసి, జాయింటు కింద టార్చి పట్టుకుని నిలబడ్డాను. నీళ్లు గలగలమని పోయాయి. చేత్తో తడిమి చూశాను, పొడిగానే ఉంది. బోర్డు పైకి పట్టుకుని స్క్రూల కోసం జేబులో వెతికితే మూడే ఉన్నాయి. నాలుగోది ఇంకా దొరకలేదు.